ఉచితపు ఆటలు: ఆటగాండ్ర మొర, నిర్మాతల మారుమాట
(మన సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. భోజనమునకు ఇంకను కొంత వ్యవధి యున్నది. ఈ నడిమి కాలమున ఏదైన ఒక విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. సాహిత్యమును గూర్చి మాటలాడుటకు నాకన్న సమర్థులు ఈ సభలో పెక్కుమంది కలరు. ఉక్కును గూర్చి చెప్పుదునా, ఈ ఊరిలో అది తెలియనివారెవరు? కావున మన యిండ్లలో పిల్లలు ప్రతిదినమును చేయుచున్నదియు, పెద్దలమైన మనము చూచియు చూడనట్లు పోవుచున్నదియు అగు ఒక పనిని ఎన్నుకొంటిని. కంప్యూటరుపైనను ఫోనుపైనను బ్రౌజరు తెరచి ఉచితముగా ఆడుకొను ఆటలను గూర్చి చెప్పెదను. ఆటలను మాత్రమే కాదు. ఆడినవారు ఆట చేసినవారికి ఏమి మొరపెట్టుకొనుచున్నారు, చేసినవారు ఏమి బదులు చెప్పుచున్నారు అనునది నా ముఖ్యవిషయము.

'ఆడువారి ఫిర్యాదులు' అని శీర్షిక పెట్టుదమా యని మా యింటిలో అడిగితిని. విని నవ్విరి. ఆ శీర్షికతో ప్రసంగించినచో సభలో సగముమంది వేరొక విషయమునకై చెవులు నిక్కించుకొని కూర్చుందురనిరి. కావున 'ఆటగాండ్రు' అను మాటనే వాడెదను. అందు బాలికలును, గృహిణులును, ఉద్యోగ విరమణ చేసిన తాతలును చేరుదురని గ్రహింప ప్రార్థన.

మన పూర్వపు ఆటలకు కర్త లేడు. వామనగుంటలను ఎవరు కల్పించిరో, పులిజూదమునకు గీతలు మొదట ఎవరు గీసిరో ఎవ్వరును చెప్పజాలరు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఈ ఊరికి వచ్చిన కుటుంబములు మనలో అనేకము. ఆ యిండ్ల అమ్మమ్మలు గుంటలపీటను, చింతపిక్కల మూటను ట్రంకుపెట్టెలో పెట్టుకొని వచ్చిరి. ఒక యింటి లెక్క మరియొక యింటికి కుదిరెడిది కాదు. ఖాళీ గుంట తగిలినచో దాని తరువాతి గుంటలోని పిక్కలు మాత్రమే తనవని ఒకరు, ఎదుటి గుంటలోనివి కూడ తనవేయని మరియొకరు. వాదము పెరిగెడిది. అరుగుమీద కూర్చున్న ముసలమ్మ తీర్పు చెప్పెడిది. ఆ పూటకు అదియే చట్టము. ఫిర్యాదు, విచారణ, ప్రత్యుత్తరము అన్నియు ఆ అరుగుమీదనే, ఆ గడియలోనే ముగిసెడివి.

నేటి ఆట అట్టిది కాదు. దానికి కర్త కలడు. అతడు హనోయిలోనో న్యూయార్కులోనో ఉండును. ఆటగాడు భిలాయిలో ఏదో ఒక సెక్టారు క్వార్టరులో మంచముమీద బోరగిల పడుకొని యుండును. వారిద్దరిని కలుపునది ఒక చిన్న లేఖ. "మీ ఆటలో ఇది బాగుగా లేదు" అని యితడు వ్రాయును. అతడు చదువవచ్చును, చదువకపోవచ్చును. సొమ్ము చెల్లించి కొన్న వస్తువైనచో అడుగుటకు ఒక హక్కు కలదు. ఉచితముగా పుచ్చుకొన్న దానిని గూర్చి అడుగుటకు హక్కు కలదా? కలదనియే నా అభిప్రాయము. ఏలయనగా, ముందు చెప్పబోవునట్లు, ఉచితమనబడునది అన్నిచోట్లను ఉచితము కాదు. అయితే ఆ హక్కునకు ఇంకను మర్యాదలు స్థిరపడలేదు.

ఈ సంబంధము చక్కగా నడచిన ఒక దృష్టాంతమును కొంచెము విపులముగా చెప్పెదను. బ్రూక్లిన్‌లో నివసించు జోష్ వార్డిల్ అను ఇంజనీరు, తన సహచరి పాలక్ షా గారికి పదముల ఆటలయందు మక్కువ యని ఎరిగి, ఆమెకొరకు ఒక ఆటను తయారుచేసెను. దాని పేరు వర్డిల్. తన యింటిపేరుమీద చమత్కారముగా పెట్టినది. దినమునకు ఒక్క పదము, ఐదు అక్షరములు, ఆరు ప్రయత్నములు. ఊహించిన అక్షరము సరియైన చోట నున్నచో ఆకుపచ్చ రంగు, పదములో నుండియు చోటు తప్పినచో పసుపు, లేనేలేకున్నచో బూడిదరంగు. ఇంగ్లీషులో ఐదక్షరముల పదములు సుమారు 12,000 కలవు. అందు సామాన్యజనులు ఎరిగినవి యేవి యని ఒక్కొక్కటిగా చూచి, సుమారు 2,500 పదములకు ఏరిపెట్టినది ఆ పాలక్ షా గారే. అనగా ఆ ఆటకు మొదటి సవరణ మొదటి ఆటగత్తె చేతనే జరిగినది. 2021 అక్టోబరులో దానిని లోకమునకు విడిచిరి. నవంబరు 1వ తేదీన ఆడినవారు 90 మంది. 2022 జనవరి 2వ తేదీకి వారి సంఖ్య మూడు లక్షలు దాటెను. అప్పటికి ప్రకటనలు లేవు, రుసుము లేదు, ఇంకొక ఆట కావలెనన్నను మరునాటివరకు ఆగవలసియుండెను.

ఈ వృద్ధికి ముఖ్యకారణము నిర్మాత బుద్ధి కాదు. ఒక ఆటగత్తె బుద్ధి. న్యూజీలాండులో ఆ ఆటను ఆడు వారిలో ఒకామె, పదమును బయటపెట్టకుండ తన ఆట సాగిన తీరును స్నేహితులకు చెప్పుటకై, రంగుల చదరపు గుర్తులను వరుసలుగా పేర్చి పంపెను. అక్షరములుండవు, పచ్చ, పసుపు గళ్ళు మాత్రమే. చూచినవానికి కథ తెలియును, రహస్యము తెలియదు. ఇతరులును అట్లే చేతితో పేర్చుట మొదలుపెట్టిరి. వార్డిల్ దీనిని గమనించి, డిసెంబరులో ఒక మీట నొక్కినంతనే ఆ గళ్ళు తయారగునట్లు ఆటలోనే అమర్చెను. ఆమె అతనికి అర్జీ పెట్టుకొనలేదు. అతడును బదులు వ్రాయలేదు. ఆటగాండ్రు చేయుచున్న దానిని చూచి అర్థము చేసికొనుటకూడ ఒక ప్రత్యుత్తరమే. నాకు తెలిసినంతలో అంతకంటె మంచి ప్రత్యుత్తరము లేదు.

2022 జనవరి చివరన ఆ ఆటను న్యూయార్కు టైమ్స్ పత్రికవారు పది లక్షల డాలర్లకు పైబడిన మూల్యమునకు కొనిరి. అంతకు కొలది దినములముందే 'ఫేవర్' అను పదము సమాధానముగా వచ్చి, అమెరికా వర్ణక్రమము మాకేలయని బ్రిటిషువారు కినుకవహించిరి. ఒక అక్షరము ఎక్కువ వ్రాయువారికి అది ఆరక్షరముల పదము కదా! పత్రికవారి చేతికి వచ్చిన పిమ్మట, మనస్సు నొచ్చునట్టి పదములు కొన్నింటిని జాబితానుండి తీసివైచిరి. అప్పుడు తీసినందుకు కొందరు కోపించిరి.

అటు పిమ్మట మే నెలలో ఒక సంఘటన జరిగెను. అమెరికా అత్యున్నత న్యాయస్థానమువారి గర్భస్రావ తీర్పు ముసాయిదా ముందుగా బయటపడి దేశమంతయు అట్టుడికినట్లున్న సమయమది. 2022 మే 9వ తేదీన కొందరికి వచ్చిన సమాధానము గర్భస్థ శిశువు అను అర్థము గల పదము. ఇది రాజకీయమని పెక్కుమంది తలచిరి. పత్రికవారు ఆ దినమే వివరణ ప్రకటించిరి: ఆ పదము పూర్వపు సంవత్సరమే జాబితాలో కూర్పబడినదనియు, కేవలము యాదృచ్ఛికమనియు, వీలైనంతమందికి దానిని మార్చితిమనియు, బ్రౌజరులో పుటను తిరిగి తెరవని వారికి మాత్రము పాత పదమే కనబడినదనియు చెప్పిరి. ఏమి జరిగెను, ఏల జరిగెను, దేనిని సరిచేయగలిగిరి, దేనిని చేయలేకపోయిరి, ఈ నాలుగును అందు కలవు. మన కార్యాలయములలో ఎన్ని ప్రత్యుత్తరములలో ఈ నాలుగును ఉండుచున్నవో, మీరును నేనును ఎరిగిన సంగతియే. "మీ లేఖ అందినది, పరిశీలనలో నున్నది" అను వాక్యమును వ్రాసి వ్రాసి మన చేతులే అరిగిపోయినవి.

అన్ని మొరలును ఆటగాండ్రనుండియే రావు. 2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అను 19 సంవత్సరముల ఇటలీ యువకుడు వారాంతమున కూర్చుండి 2048 అను అంకెల ఆటను వ్రాసి, దాని మూలప్రోగ్రామును కూడ అందరికిని ఉచితముగా ఇచ్చివేసెను. మన పిల్లలలో దానిని ఆడనివారు లేరు. అప్పటికి ఒక నెల ముందే 'త్రీస్' అను ఆటను వెలకు అమ్ముచున్నవారు పదునాలుగు నెలలు శ్రమించి దానిని తీర్చిదిద్దినవారు. తమ ఆటకు అనుకరణలు పుట్టి, ఆ అనుకరణలకు అనుకరణయైనది ఉచితముగా లోకమంతయు ప్రాకినదని వారు వ్యథ చెంది, ఆ పదునాలుగు నెలలలో తమలో తాము వ్రాసికొన్న ఉత్తరములన్నిటిని ప్రచురించిరి. కోపముతో దూషింపలేదు, తమ శ్రమను చూపిరి. ఉచితముగా లభించునది ఎవరి చెమటనుండి వచ్చినదో అడుగవలసిన ప్రశ్న యిది. ఆ యువకుని దోషి యనుటకు నాకు మనసొప్పదు. తాను దేనినిబట్టి చేసెనో అతడు తన పుటలోనే చెప్పియుండెను, సొమ్మును కోరలేదు. అయినను ఆ యిద్దరి ఉత్తరములు చదివినవానికి వారిమీద జాలి కలుగకమానదు.

కార్యాలయములవారికి సంబంధించిన ముచ్చట యొకటి. క్రోమ్ బ్రౌజరులో ఇంటర్నెట్టు లేనప్పుడు ఒక చిన్న రాక్షసబల్లి కనబడును. మీట నొక్కినచో పరుగెత్తును. నాగజెముడు చెట్లమీదుగా దుమికించుటయే ఆట. 2014లో గూగుల్ వారు దీనిని ప్రవేశపెట్టిరి. నెలకు 27 కోట్లసార్లు దీనిని ఆడుచున్నారని 2018లో వారే ప్రకటించిరి. ఫిర్యాదు ఎవరినుండి వచ్చినదనుకొనుచున్నారు? బడుల పిల్లలు పాఠములు మాని, ఉద్యోగులు పని మాని బల్లిని పరుగెత్తించుచుండగా, యంత్రముల నిర్వాహకులకు ఆ ఆటను ఆపివేయు వీలును కల్పింపవలసి వచ్చినది. ఇంటర్నెట్టు పోయినపుడు మన కార్యాలయములో అకస్మాత్తుగా అలముకొను నిశ్శబ్దమునకు అర్థము నాకు తరువాత తెలిసినది.

నిర్మాత వలన కూడ కాని పనులు కలవు. ఈ ఆటలలో మొదటి తరమువి చాలభాగము ఫ్లాష్ అను సాధనముమీద నడిచెడివి. అది 1996లో పుట్టినది. లోపములు, భద్రతా రంధ్రములు పెరిగిపోవుటచే దానిని ముగింతుమని అడోబీ సంస్థవారు 2017లోనే చెప్పి, 2020 డిసెంబరు 31వ తేదీన ముగించిరి. ఆ దినముననే ఫార్మ్‌విల్ అను సేద్యపు ఆట తన పాత రూపమున మూతపడెను. 2009లో మొదలైన ఆ ఆటలో ఎందరో గృహిణులు పదకొండు సంవత్సరములు నాట్లు వేసి కోతలు కోసిరి. వారు ఎంత మొరపెట్టుకొన్నను నిర్మాతలు చేయగలిగినది, వీడ్కోలు చెప్పుటకు కొన్ని నెలల గడువిచ్చుటయే. అయితే ఆటగాండ్రు ఊరకుండలేదు. ఫ్లాష్‌పాయింట్ అను పేర కొందరు ఔత్సాహికులు లక్షకు పైగా పాత ఆటలను సేకరించి భద్రపరచిరి. రఫుల్ అను మరియొక ఉచిత సాధనము ఆ పాత ఆటలను నేటి బ్రౌజరులో మరల నడుపుచున్నది. తాళపత్రములు పురుగు తినకముందే వ్రాసికొన్నవారి పనివంటిది యిది.

ఇక ఫిర్యాదు ఎట్లు వ్రాయవలయును? ఈ ప్రశ్నకు సమాధానము మన ఊరిలోనే యున్నది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన ఈ కర్మాగారమునుండి దేశమంతటికిని రైలుపట్టాలు పోవుచున్నవి. ప్రతి పట్టా నడుమున తయారైన నెల, సంవత్సరము, ఏ హీటులో పోసిన ఉక్కు అను సంఖ్య ముద్రింపబడి యుండును. ఎచ్చటనో ఒక పట్టాలో పగులు కనబడినదనుకొందము. "భిలాయి పట్టాలు బాగుగా లేవు" అని వ్రాసినచో ఎవడేమి చేయగలడు? హీటు సంఖ్య వ్రాసినచో, ఆ దినమున ఆ ఉక్కులో ఏమేమి ఎంతెంత కలిసినదో, ఉదజని ఎంత మిగిలినదో కాగితములు తిరుగవేసి చూడవచ్చును. ఉదజని మిక్కుటమైనచో పట్టా లోపల కంటికానని చీలికలు పుట్టును. అందుచేతనే కరగిన ఉక్కును శూన్యమున పెట్టి ఆ వాయువును లాగివేయు యంత్రమును ఇచ్చట నెలకొల్పిరి. ఫిర్యాదునకు ఆనవాలు ఉన్నప్పుడే దానికి చికిత్స యుండును.

ఆటను గూర్చిన ఫిర్యాదును అంతియే. ఏ యంత్రము, ఏ బ్రౌజరు, ఆటలో ఏ మెట్టు, ఏమి నొక్కినప్పుడు, ఏమి జరుగవలసి యుండగా ఏమి జరిగెను, మరల చేసినను అట్లే జరుగునా? ఈ వివరములతో వ్రాసిన నాలుగు పంక్తులు, "చెత్త ఆట" అని వ్రాసిన నూరు లేఖలకన్న విలువైనవి. "ఈ మెట్టు మిక్కిలి కష్టము" అను ఫిర్యాదును మాత్రము నేను ఫిర్యాదులలో లెక్కింపను. అది పొగడ్త.

మా మనుమరాలి సంగతి చెప్పెదను. ఆమె ఆరవ తరగతి చదువుచున్నది. లెక్కలతో వంతెనలు కట్టు ఒక ఉచితపు ఆటను మూడు నెలలు ఆడి నలువది మెట్లు దాటెను. కంప్యూటరు మెల్లగా నడచుచున్నదని పిలువగా వచ్చిన మరమ్మతుదారు బ్రౌజరులోని పాత జాడలన్నిటిని తుడిచిపెట్టిపోయెను. మరునాడు ఆట తెరచి చూడగా మొదటి మెట్టు! పిల్ల ఏడుపునకు అంతులేదు. ఇట్టి ఆటలు అనేకము ఆటగాని పురోగతిని తమవద్ద దాచుకొనవు. ఆ బ్రౌజరు గూటిలోనే దాచును. గూడు తుడిచినచో గ్రుడ్లు పోవును. ఈ రహస్యము ఆటలో ఎచ్చటను చెప్పబడియుండలేదు. నిర్మాతకు వ్రాయుమంటిని. మొదట ఆమె వ్రాసినది కోపపు లేఖ. దానిని చింపివేసి, ఏమి జరిగినదో వరుసగా వ్రాసి, "దాచుకొనుటకు వేరొక మార్గము పెట్టుడు" అని అడిగెను. మూడవనాడు బదులు వచ్చినది. వ్రాసినవాడు కాలేజీ విద్యార్థి. ఆ ఆటను ఒక్కడే చేసినవాడు. పోయిన మెట్లను తాను తిరిగి ఇయ్యజాలననియు, అవి తనవద్ద లేవనియు, ఇకపై ఎవరికి వారు తమ పురోగతిని ఒక సంకేతముగా కాగితముమీద వ్రాసికొని మరల ఎక్కించుకొనునట్లు మార్చెదననియు వ్రాసెను. రెండు వారములలో మార్చెను. మా పిల్ల ఆ సంకేతమును నోటుపుస్తకము అట్టమీద వ్రాసికొని, మొదటి మెట్టునుండి మరల ఎక్కుచున్నది.

ఒక్కడే చేసినవాడు అను మాటను మీరు గమనింపవలయును. చాలమంది నిర్మాతలు అట్టివారే. ఫ్లాపీ బర్డ్ అను ఫోను ఆటను చేసిన హనోయి యువకుడు దోంగ్ న్యుయెన్, 2014లో లోకమంతయు తన ఆటను ఆడుచున్న సమయముననే దానిని తానే తీసివేసెను. ఆ ఆట జనులకు వ్యసనమగుచున్నదనియు, తన నెమ్మది పోయినదనియు అతడు చెప్పెను. అతనిపై కురిసిన మాటలలో తిట్లు, శాపములు కూడ కలవు. తెర వెనుక మనిషి యున్నాడని మరచి వ్రాయుట పిల్లలకే కాదు, పెద్దలకును అలవాటైనది.

ఇక ఉచితము కాని ఉచితములు. వీనిని గూర్చి మెత్తగా మాటలాడ దలచుకొనలేదు. కొన్ని ఆటలకు మూల్యము ప్రకటనలు. ఒక నిమిషము ఆడుటకు రెండు నిమిషములు చూడవలయును. కొన్నింటికి మూల్యము పిల్లవాని వివరములు. మరికొన్ని మొదట ఉచితమని పిలిచి, ఒక మెట్టు దాటిన పిమ్మట పందెమునకు దింపును. మహాదేవ్ అను పందెపు యాపు వ్యవహారములో మన భిలాయి పేరు 2023లో దేశమంతట పత్రికలకెక్కిన సంగతి మీరెరుగుదురు. ఆ నవంబరులో కేంద్రప్రభుత్వము ఆ యాపుతోకూడ 22 యాపులను, వెబ్‌సైట్లను నిలిపివేసెను. మంచి ఉక్కునకు పేరొందిన ఊరు అట్టి దానితో ముడిపడుట మనకు నొప్పి కలిగించినది. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను ఆన్‌లైను పందెపు ఆటలను నిషేధించిరి. ఛత్తీస్‌గఢ్ వారును జూద నిషేధ చట్టమును చేసిరి. పిమ్మట 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను ఆటల ప్రోత్సాహ, నియంత్రణ చట్టమును ఆమోదించెను; 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను అది నిషేధించి, ఈ-క్రీడలను, కేవల వినోదపు ఆటలను వేరుపరచినది.

పందెపు ఆటవానికి ఫిర్యాదు వ్రాసి ప్రయోజనము లేదు. వాని ప్రత్యుత్తరము ఎప్పుడును తీయగానే యుండును. మరికొంత సొమ్ము వేయుమనును. అట్టి చోట వ్రాయవలసినది నిర్మాతకు కాదు. సొమ్ము పోయిన వెంటనే 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును. ఇతరుల విషయములను జనులకందించు మధ్యవర్తి సంస్థలకు 2021 నాటి నిబంధనలు ఒక బాధ్యతను విధించినవి: ఫిర్యాదుల అధికారి పేరును ప్రకటింపవలయును, ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలుపవలయును, నియమిత గడువులోపల పరిష్కరింపవలయును. ఒంటరిగా ఆట చేయు విద్యార్థికి ఇది వర్తింపదు; ఆటలను వేలకొలదిగా పంచిపెట్టు పెద్ద అంగళ్ళవారు దీనిని తప్పించుకొనరాదు.

నిజముగా ఉచితమైనవియు కలవు. చదరంగమునకు లీచెస్ అనునది యున్నది. ఫ్రాన్సు దేశస్థుడు తిబో దుప్లెసీ 2010లో మొదలుపెట్టినది. ప్రకటనలు లేవు, రుసుము లేదు, మూలప్రోగ్రాము బహిరంగము, విరాళములతో నడచుచున్నది. లోపము చూపినవాడు, శక్తియున్నచో తానే దిద్ది పంపవచ్చును. అచ్చట ఫిర్యాదుదారునికిని నిర్మాతకును నడుమ గోడ లేదు. కోనేరు హంపి గారు 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచి, వరంగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగును దాటిన ఈ కాలమున, చదరంగము నేర్వగోరు తెలుగుపిల్లకు సొమ్ము అడ్డము కాకుండుట చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మన భాష కడకు వచ్చెదను. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు ఒక విచిత్రవ్యాధి పట్టినది. ఒక విధముగా కూర్చబడిన 'జ్ఞా' అను తెలుగు అక్షరము సందేశములో వచ్చినంతనే యాపులు కూలిపోవుచుండెను. జ్ఞానములోని మొదటి అక్షరమును యంత్రము భరింపలేకపోయెనని అప్పుడు ఛలోక్తులాడిరి. ప్రపంచమంతటినుండి మొరలు పోగా, ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 అను సవరణను విడుదలచేసిరి. యంత్రములోనికి మన లిపి ప్రవేశించుట మాత్రమే చాలదు. దానిని వాడి, తప్పు చూపువారు ఉండవలయును.

ఈ ఊరి మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. అందు హిందీ సగము. బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు చదువుటకు వచ్చునప్పటికి పలువురు గుణింతములవద్దనే ఆగిపోవుదురు. పెండ్లి శుభలేఖను అమ్మమ్మ చదివి వినిపింపవలసినదే. ఇంకొక తరమైనచో చదివి వినిపించు అమ్మమ్మయు ఉండదు. ఈ విచారముతోనే మన సంఘపు యువకులు ఇద్దరు ముగ్గురు, వర్డిల్ పద్ధతిని తెలుగున దినమున కొక్క పదము ఇచ్చు ఉచితపు ఆటను చేయ పూనుకొనియున్నారు. చేయబూనిన వెంటనే వారికి తగిలిన చిక్కులు వినుడు.

ఇంగ్లీషున అక్షరమనగా ఒక గుర్తు. తెలుగున అక్షరమనగా ఏమి? 'అమ్మ' మనకు రెండక్షరములు. యంత్రము లోపల నాలుగు సంకేతములు. 'తెలుగు' మూడక్షరములు, ఆరు సంకేతములు. 'స్త్రీ' ఒక్క అక్షరము. లోపల ఆరు సంకేతములు. యంత్రము లెక్కను నమ్మినచో ఆట చెడును. కావున అక్షరములుగా విడదీయుట మొదట నేర్పవలసి వచ్చినది. పిమ్మట రంగులు. సమాధానములో 'కి' యుండగా పిల్లవాడు 'కా' అన్నచో ఏ రంగు? హల్లు సరి, గుణింతము తప్పు. పచ్చ కాదు, బూడిదయు కాదు. దీనికి నాలుగవ రంగు కావలయునని వారనుచున్నారు. పిల్లలకు గుణింతము పట్టుపడునది ఆ నాలుగవ రంగువలననే యని నా నమ్మకము. ఒత్తు మాత్రము తప్పినచో ఐదవ రంగు కావలయునా? అంతవరకు పోవలదని నా సలహా. హోలీ వేరొక పండుగ.

పదముల జాబితా అంతకన్న పెద్ద చిక్కు. ఏ ప్రాంతపు తెలుగు? ఉత్తరకోస్తావారి ఆనపకాయ ఐదక్షరములు. మరియొక చోటివారి సొరకాయ నాలుగు. చింతపిక్క యన్నచో కొందరు నవ్వుదురు, చింతగింజ యన్నచో మరికొందరు మొగము చిట్లింతురు. 'ఫేవర్' పదముమీద బ్రిటిషువారు కోపించిరంటిని. ఇచ్చట జిల్లా కొక్క బ్రిటను కలదు. రెండును ఉండనిండు, ఎవరి పదము వచ్చిననాడు వారు సంతోషింతురు, రానివారు ఒక క్రొత్త మాట నేర్తురు అని నేను వాదించితిని. యువకులు ఒప్పుకొనిరి.

వారు తేల్చుకొనలేక నాయెదుట పెట్టినది మరియొకటి. 'దేశము' అని వ్రాసినచో మూడక్షరములు. 'దేశం' అని వ్రాసినచో రెండు. పుస్తకము, పుస్తకం, కాగితము, కాగితం. నావంటి పాతవాడు మువర్ణమును విడువడు. పిల్లలు నోటితో అనునది సున్నతోనే. ఆటలో రెండును చెల్లునన్నచో గళ్ళ సంఖ్య కుదురదు. ఒకటియే చెల్లునన్నచో రెండవవారు ఆటగాండ్రే కాకపోవుదురు. నా అలవాటు ఏదైనను, ఈ విషయమున పిల్లల పక్షమే వహించెదనని వారితో చెప్పితిని. అయినను నా ఒక్కని మాటమీద నిర్ణయింపవద్దంటిని.

ఆట యొక్క మొదటి నమూనా భోజనశాల ద్వారమువద్ద బల్లపైనున్న కంప్యూటరులో తెరచియున్నది. ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టించితిని. ఆడి చూచి, ఎచ్చట చిక్కుపడినదో ఆనవాలుతో వ్రాయుడు. మొదటి పుటలో 'దేశమా, దేశమునా' అను ప్రశ్న వ్రాసియున్నది. దాని క్రింద ఇప్పటికి మూడు సంతకములున్నవి, మూడును పిల్లలవే. కలము దారముతో బల్లకు కట్టబడియున్నది.